దానికి మన తిండి కాదు, దాని రిజ్క్ కావాలి



ఇంటికి రెండు గినీ పిగ్‌లు తెచ్చిన రోజు మా అమ్మీ చేతిలో తస్బీ ఆపి అడిగిన మొదటి సవాల్: "పిగ్ బోలేతో సువ్వర్ నై క్యా రే?"

పేరుతోనే వచ్చింది తంటా అంతా. "కాదమ్మీ, పందికీ దీనికీ ఏ రిష్తా లేదు. ఇది ఎలుకల ఖాందాన్" అన్నాను. అమ్మీ ఇంకా పెద్ద సవాల్ వేసింది. "అంటే పైసలిచ్చి ఎలుకల్ని కొనుక్కొచ్చినావా?"

ఇల్లంతా నవ్వాం. ఆ నవ్వు నెలన్నర నిలిచింది. ఆ తరువాత మా చిన్నది ఏడ్చిన ఏడుపు ఇంకా నా చెవుల్లో ఉంది. ఆ రెంటి మధ్య ఏం జరిగిందో చెప్పడానికే ఇది రాస్తున్నా. ముందు నా ఇక్రార్ వినండి, సలహాలు తరువాత.

కొన్నేళ్ల కింద రంజాన్ ఈద్‌కు మా పిల్లలిద్దరికీ చాచాలు, మామూలు, ఫూఫీలు ఇచ్చిన ఈదీ బాగానే కూడింది. ఈద్ తరువాత చుట్టపు చూపుగా హైదరాబాద్ వెళ్ళినప్పుడు పక్షుల బజారులో వీటిని చూశారు. గోధుమ రంగుది ఒకటి, నలుపు తెలుపుది ఒకటి. "అబ్బా, మా పైసలే కదా" అన్నారు. కాదనలేకపోయాను. అమ్మిన మనిషి ఒక పిట్టల పంజరంలో పెట్టిచ్చి, "ఏదైనా తింటాయి సాబ్" అన్నాడు. నేనూ నమ్మాను. ఇరవై ఏళ్లుగా విలేకరి పనిలో ఉన్నవాణ్ణి, ఎవరేం చెప్పినా ఇంకొకర్ని అడక్కుండా అచ్చు వెయ్యనివాణ్ణి, ఆ ఒక్క మాటను మాత్రం ఎవర్నీ అడగలేదు.

పేర్లు చిన్నదే పెట్టింది. బాదామ్, కిస్మిస్.

కర్నూలు చేరాక పంజరం మేడ మీద రేకుల గదిలో పెట్టాం. ఎండ ముదరగానే కిందికి దించి వరండాలో పెట్టాం. నాష్తా వేళ రొట్టె ముక్క, మధ్యాహ్నం అన్నం మెతుకులు, సాయంత్రం క్యారెట్, కీరా. పిల్లలు బిస్కెట్లు కూడా పెట్టేవాళ్ళు. తింటున్నాయి కదా, ఇంకేం కావాలి అనుకున్నాం.

నెలన్నరకు బాదామ్ వెనక కాలు ఈడ్చడం మొదలుపెట్టింది. ముట్టుకుంటే కీచుమనేది. పెద్దోడు కింద పడేశాడేమోనని వాణ్ణి గదమాయించాను. ఆ పైన నేను చేసిన పని ఇది: పిల్లల చెవి నొప్పికి డాక్టర్ రాసిన అమాక్సిసిలిన్ సిరప్ ఫ్రిజ్‌లో మిగిలి ఉంటే, డ్రాపర్‌తో నాలుగు చుక్కలు దాని నోట్లో వేశాను. రెండు పూటలు. బిస్మిల్లా చెప్పి మరీ వేశాను.

మర్నాటికి అది తినడం మానేసింది. విరేచనాలు పట్టుకున్నాయి. మూడో రోజు ఫజర్‌కు లేచి చూస్తే కదలడం లేదు.

చిన్నది అడిగింది: "అబ్బా, మనం దవా ఇచ్చాం కదా?"

ఆ సవాల్‌కు జవాబు వారం తరువాత దొరికింది. కిస్మిస్‌నైనా దక్కించుకుందామని హైదరాబాద్‌లో ఇలాంటి చిన్న జంతువుల్ని చూసే వెటర్నరీ డాక్టర్ దగ్గరికి తీసుకుపోయాను. ఆయన నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. నెమ్మదిగా రెండు సంగతులు చెప్పాడు. ఒకటి, బాదామ్ కింద పడి ఉండకపోవచ్చు. విటమిన్ సి లేక కీళ్ళు వాచి ఉంటాయి. రెండు, పెన్సిలిన్ జాతి మందులు నోటి ద్వారా ఇస్తే గినీ పిగ్‌కు జహర్. దాని కడుపులో గడ్డి అరగడానికి సాయపడే మంచి క్రిములన్నీ చచ్చిపోయి, విషం పుట్టించే క్రిములు పెరుగుతాయి. అంటే మొదట నా తిండి దాన్ని కుంటిని చేసింది, తరువాత నా దవా చంపింది.

ఇంటికొచ్చి ముందు పెద్దోడికి మాఫీ చెప్పుకున్నాను.

మనలో చాలామందికి చిన్నప్పటి నుంచి తెలిసిన హదీసు ఒకటుంది. ఒక పిల్లిని కట్టేసి, తిండి పెట్టక, తనంతట తాను వెతుక్కు తినడానికి వదలకా చంపిన స్త్రీకి శిక్ష పడిన సంగతి. బుఖారీలోనూ ముస్లింలోనూ ఉంది. ఉర్దూ మీడియం బడిలో మా మౌల్వీ సాబ్ చెప్పినప్పుడు, ఎంత కఠిన హృదయురాలో అనుకునేవాణ్ణి. బాదామ్ పోయాక ఆ హదీసు నాకు ఇంకోలా వినిపించింది. నేను తిండి పెట్టకుండా లేను. గిన్నె నిండా పెట్టాను. కానీ ఆ గిన్నెలో ఉన్నది నా తిండి. దాని రిజ్క్ అందులో లేదు. బంధించినవాడు దాని తిండిని దాని దగ్గరికి తేవాలి. అంటే దాని తిండి ఏమిటో ముందు తెలుసుకోవాలి. రహమ్ నాకు లేక కాదు. ఇల్మ్ లేదు. పంజరంలో ఉన్న జీవికి ఆ రెంటికీ తేడా తెలియదు, దాని ప్రాణం మాత్రం పోతుంది.

నా రాయ్ ఇది: జీవమున్న దేన్నీ ఈదీగా, బర్త్‌డే తోఫాగా పిల్లల చేతిలో పెట్టకండి. పిల్లలు ఆడుకుంటారు, పెంచేది పెద్దవాళ్ళే. మీరు పెంచగలిగితేనే తెండి. ఇప్పటికే తెచ్చి ఉంటే మాత్రం నేను ఆలస్యంగా నేర్చుకున్నవి మీరు ఈ రోజే తెలుసుకోండి.

ముందు తిండి సంగతి. గినీ పిగ్ అసలు ఊరు దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండలు. వేల ఏళ్ళ కిందటే అక్కడి జనం మచ్చిక చేసుకున్నారు, పెరూలో నేటికీ కోసుకు తింటారు. అది గడ్డి తినే జీవి. దాని పళ్ళు బతికినన్నాళ్ళూ పెరుగుతూనే ఉంటాయి. గడ్డి నమిలితేనే అరుగుతాయి, లేకపోతే పెరిగిన పళ్ళు నోరు మూయనివ్వవు. రోజు తిండిలో ఐదింట నాలుగు వంతులు గడ్డే ఉండాలి, రాత్రీ పగలూ ముందు ఉండాలి. మనకు ఇది కష్టమేం కాదు. బక్రీద్ మేకకు గడ్డి మోపు మోసుకొచ్చిన చేతులు కదా ఇవి. మందులు కొట్టని చోట, కుక్కలు తిరగని చోట దొరికే గరిక మంచిది. కడిగి, నీళ్ళు ఆరాక వెయ్యాలి. ఎండుగడ్డి అయితే బూజు లేనిది చూసుకోవాలి. మేకలకు వేసే లూసర్న్ గడ్డి మాత్రం ఎదిగిన వాటికి రోజూ వద్దు. అందులో కాల్షియం ఎక్కువ, మూత్రంలో రాళ్ళు వస్తాయి.

రెండోది విటమిన్ సి. మేక, కుక్క, పిల్లి తమ ఒంట్లోనే దాన్ని తయారు చేసుకుంటాయి. మనుషులు చేసుకోలేరు, గినీ పిగ్ కూడా చేసుకోలేదు. 1907లో నార్వేలో హోల్స్ట్, ఫ్రోలిక్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు గినీ పిగ్‌లకు ఉత్త ధాన్యం, రొట్టె పెట్టి చూశారు. ఓడ నావికులకు వచ్చే స్కర్వీ జబ్బే వాటికీ వచ్చింది. కూరగాయలు పెడితే తగ్గింది. విటమిన్ సి కనుక్కునే దారి అక్కడే తెరుచుకుంది. మనుషుల మీద ప్రయోగాలు జరిగినప్పుడల్లా "గినీ పందులుగా మార్చారు" అని శీర్షికలు పెట్టినవాణ్ణి నేను. ఆ మాట వెనకున్న జంతువుకు మా వంటింట్లో మళ్ళీ అదే రొట్టె పెట్టాను.

దానికి రోజుకు కిలో బరువుకు 10 నుంచి 30 మిల్లీగ్రాముల సి కావాలి. మన దగ్గర 100 గ్రాముల జామకాయలో సుమారు 200 మిల్లీగ్రాములు ఉంటుంది. అంటే బొటనవేలంత జామ ముక్క చాలు. పండులో చక్కెర కూడా ఉంటుంది కాబట్టి అంతకు మించి వద్దు. క్యాప్సికం ముక్క ఇంకా మేలు, రోజూ పెట్టొచ్చు. కొత్తిమీర ఇష్టంగా తింటాయి. క్యారెట్, కీరాలో సి చాలా తక్కువ. అవి అప్పుడప్పుడూ మిఠాయిలాగే. దుకాణంలో కుందేళ్ళ దాణా ఇస్తే తీసుకోకండి, దాంట్లో సి కలపరు. గినీ పిగ్ దాణా అయినా తయారై మూడు నెలలు దాటితే అందులోని సి చాలావరకు పోయి ఉంటుంది. అన్నం, రొట్టె, బిస్కెట్, పాలు, ఉల్లి, వెల్లుల్లి, ఆలుగడ్డ వద్దే వద్దు. దస్తర్‌ఖాన్ మీద మిగిలింది వేస్తే సవాబ్ అనుకోకండి.

ఒక వింత చెప్పాలి. అవి తమ మెత్తటి పెంటికల్ని తామే తింటాయి. మా అమ్మీ చూసి "తౌబా తౌబా" అంది. అది జబ్బు కాదు. మొదటిసారి అరగని సారాన్ని రెండోసారి తీసుకోవడం. కొట్టి మాన్పించకండి.

ఇక ఇల్లు. పిట్టల పంజరం దానికి జైలు. అది ఎగరదు, ఎక్కదు, నేల మీద పరిగెత్తుతుంది. జతకు కనీసం నాలుగు అడుగుల పొడవు, రెండు అడుగుల వెడల్పు కావాలి. తీగల నేల మీద పాదాలు పుండ్లు పడతాయి. కింద చదునుగా ఉండాలి, పాత కాగితాలు పరిచి పైన మెత్తటి గుడ్డ వేసి రోజూ మార్చాలి. లేకపోతే మూత్రం ఘాటుకు ఊపిరితిత్తులు పాడవుతాయి. దాక్కోవడానికి చోటు తప్పనిసరి. మేం పగిలిన మట్టి కుండను పక్కకు పడుకోబెట్టి, రెండు వైపులా దారి చేశాం. ఒకే దారి ఉంటే ఒకటి రెండోదాన్ని లోపల పెట్టి అడ్డం కూర్చుంటుంది.

ఎండ గురించి గట్టిగా చెప్పాలి. దానికి హాయి 18 నుంచి 24 డిగ్రీల మధ్య. 30 దాటితే ప్రాణగండం. మే నెలలో మన కర్నూలులో 42, 43 మామూలే. రేకుల గదిలో, మేడ మీద, వరండాలో పెడితే దాన్ని తందూర్‌లో పెట్టినట్టే. ఇంట్లో అన్నిటికన్నా చల్లని గది దానికివ్వాలి. సీసాలో నీళ్ళు గడ్డకట్టించి, తువాలు చుట్టి పక్కన పెడితే ఆనుకుని పడుకుంటుంది. కూలర్ గాలి సూటిగా తగలకూడదు. కాళ్ళు చాపి పడుకుని, నోరు తెరిచి ఆయాసపడుతుంటే వడదెబ్బ. చల్లని (మంచు కాదు) తడి గుడ్డతో చెవులు, పాదాలు తడుపుతూ వెంటనే డాక్టర్ దగ్గరికి పోవాలి. ఆ వేసవి అంతా ఏసీ గదిలో మాతోపాటు కిస్మిస్ కూడా పడుకుంది.

అది గుంపులో బతికే జీవి. ఒంటరిగా పెట్టడం జుల్మ్. స్విట్జర్లాండ్‌లో ఒక్కదాన్నే పెంచడం చట్టం ఒప్పుకోదు. కుందేలు తోడవుతుంది కదా అనుకోకండి. కుందేలుకు ఏమీ చెయ్యని ఒక క్రిమి గినీ పిగ్‌కు న్యుమోనియా తెస్తుంది, పైగా కుందేలు తన్నితే ఎముకలు విరుగుతాయి. జోడీ రెండూ ఆడవో, రెండూ మగవో తెలిసినవాళ్ళతో చూపించుకుని తీసుకోండి. ఆడపిల్ల నెల రోజులకే గర్భం దాల్చగలదు. రెండు నెలలకు పైగా మోస్తుంది. కన్న కొన్ని గంటలకే మళ్ళీ కట్టగలదు. మగపిల్లల్ని మూడు వారాలకే వేరు చెయ్యాలి. ఎనిమిది నెలలు దాటాక మొదటిసారి కడితే కటి ఎముకలు బిగుసుకుపోయి కాన్పులో తల్లి పోయే ప్రమాదముంది. పిల్లలు ముద్దుగా ఉంటాయని ఆడ, మగ కలిపి పెంచేవాళ్ళు ఈ సంగతులన్నీ ఆలోచించాలి.

తాలీమ్ విషయానికొస్తే, కుక్కలా చెప్పినట్టు చేస్తుందని ఆశపడకండి. గద్దలకూ పాములకూ ఆహారమైన జాతి అది. పైనుంచి చెయ్యి దిగితే దానికి గద్దే. అందుకే పిల్లల్ని నేల మీద కూర్చోబెట్టండి. మొదటి వారం పట్టుకోనే వద్దు, పక్కన కూర్చుని మాట్లాడితే చాలు. తరువాత చేతి నుంచి కొత్తిమీర. ఎత్తేటప్పుడు ఒక చెయ్యి ఛాతీ కింద, ఒక చెయ్యి వెనక కాళ్ళ కింద. ఒళ్ళో తువాలు. నిలబడి ఎత్తుకోకూడదు, దూకితే నడుం విరుగుతుంది. తిండి పెట్టే ముందు ప్రతిసారీ ఒకే శబ్దం చెయ్యండి. మా చిన్నది స్టీలు గ్లాసు మీద చెంచాతో మూడుసార్లు కొడుతుంది. మూడు వారాల్లో కిస్మిస్ ఆ మోతకు పరిగెత్తుకుంటూ రావడం నేర్చింది. గడ్డి ఉన్న చోటే తింటూ మూత్రం పోస్తుంది కాబట్టి గడ్డి కింద ఒక ట్రే పెడితే సగం శుభ్రం దానంతటదే అవుతుంది. కొట్టడం, అరవడం పనికిరావు. భయపెడితే నేర్చుకునేది ఒకటే, మీరంటే భయం. ఖుష్ అయినప్పుడు ఉన్న చోటే గాల్లోకి ఎగిరి పడుతుంది. మొదటిసారి చూసి ఫిట్స్ అనుకుని కంగారుపడ్డాను!

వారానికోసారి వంటింటి త్రాసులో తూచి రాసుకోండి. పెద్దది 700 నుంచి 1,200 గ్రాముల మధ్య ఉంటుంది. బరువు తగ్గుతుంటే జబ్బు లోపల మొదలైనట్టే. ఒక పూట తినకపోతే రేపు చూద్దాం అనుకోవద్దు. మనుషుల మందులు ఒక్క చుక్క కూడా వద్దు.

మా పెద్దోడు ఈ మధ్య ఫోన్‌లో వీడియోలు చూసి ఫెర్రెట్ కావాలంటున్నాడు. మన ముంగిసలాగే పొడుగ్గా ఉంటుంది, కానీ దాని జాతి వేరు. యూరప్‌లో కుందేళ్ళను బొరియల్లోంచి తరమడానికి పెంచారు. గినీ పిగ్‌ను గడ్డి బతికిస్తే ఫెర్రెట్‌కు మాంసమే కావాలి. తిన్నది మూడు నాలుగు గంటల్లో కడుపు దాటిపోతుంది కాబట్టి రోజుకు ఎన్నోసార్లు పెట్టాలి. పండు, ధాన్యం అరగవు. రోజులో 14 గంటలకు పైగా పడుకుంటుంది, లేచిన కాసేపు ఇల్లంతా తిరగనివ్వాలి, తల దూరిన చోటల్లా ఒళ్ళూ దూరుస్తుంది. రేబీస్, డిస్టెంపర్ టీకాలు వేయించాలి. దానికీ 30 డిగ్రీల వేడి ప్రమాదమే. పైగా గినీ పిగ్ దానికి వేట. ఒకే ఇంట్లో ఉంచితే వాసనకే కిస్మిస్ వణికి చస్తుంది. మా రాయలసీమకు ఫెర్రెట్ తేవడం షౌక్ కాదు, జుల్మ్. పెద్దోడికి అదే చెప్పాను. మూతి ముడుచుకున్నాడు, ఫర్వాలేదు.

ఇది చదివి కొందరు అంటారని తెలుసు: "మనుషులకే దిక్కు లేదు, ఎలుకకు ఏసీనా?" సరైన సవాలే. నా జవాబు: అందుకే కొనకండి అంటున్నా. కొనకపోతే మీ మీద దాని హక్కు లేదు. కొని, తలుపు గడియ వేశాక ఉంది. మన రసూల్ (స)ను చూసి కన్నీళ్ళు పెట్టుకున్న ఒంటె సంగతి అబూ దావూద్‌లో ఉంది. దాన్ని ఆకలికి మాడ్చి పని చేయిస్తున్న యజమానిని పిలిచి, ఈ మూగజీవి విషయంలో అల్లాకు భయపడవా అని మందలించారు.

ఇంకొందరు "జీవాల్ని బంధించడమే గునా" అంటారు. అనస్ (ర) తమ్ముడైన చిన్నపిల్లవాడు అబూ ఉమైర్ దగ్గర పెంచుకున్న చిన్న పిట్ట ఉండేది. రసూల్ (స) ఆ పిట్ట గురించి వాణ్ణి ప్రేమగా పలకరించేవారు. పిల్లలూ పెంపుడు జీవుల దోస్తీని మన దీన్ చిన్నచూపు చూడలేదు. షర్తు ఒక్కటే, దాని హక్కు దానికివ్వాలి. తహారత్, నమాజు బట్టల మసలాలు మీ ఆలిమ్ సాబ్‌ని అడగండి. మేం మాత్రం జానమాజ్ ఉన్న గదిలోకి దాన్ని రానివ్వం, ముట్టుకున్నాక చేతులు కడుగుతాం.

కిస్మిస్‌కు ఇప్పుడు తోడుంది. హైదరాబాద్‌లో ఒక కుటుంబం దుబాయ్ వెళ్తూ ఎవరికివ్వాలో తోచక అడిగితే తెచ్చుకున్నాం. పొద్దున్నే జామకాయ కోసేది మా అమ్మీయే. పేరులోని పిగ్ మాత్రం ఈ రోజుకీ పలకదు. "చిట్టీ" అంటుంది, రెండూ వస్తాయి.

పోయిన ఈద్‌కు పక్కింటి భాయి వచ్చి, తన కొడుక్కి కూడా ఒకటి ఎక్కడ దొరుకుతుందని అడిగాడు. మూడు సవాళ్ళు అడిగాను. ఏం తింటుంది? మే నెలలో ఎక్కడ పెడతావు? అది ఐదారేళ్ళు, ఒక్కోసారి ఎనిమిదేళ్ళు బతుకుతుంది, నీ కొడుకు హాస్టల్‌కు పోయాక ఎవరు చూస్తారు? ఆయన కాసేపు కూర్చుని, షీర్ ఖుర్మా తాగి, కొడుక్కి సైకిల్ కొనిచ్చాడు.

ఆ సవాళ్ళు బజారులోనే నన్ను ఎవరైనా అడిగి ఉంటే బాదామ్ పంజరం నా చేతిలోకి వచ్చి ఉండేది కాదు. మీరు ఎవరినైనా అడగగలిగితే, ఈసారి ఈదీ లెక్కపెట్టే పిల్లల పక్కన కూర్చుని అడగండి.